గోడ అవతలి ఊపిరి

ఎత్తు రోడ్డు మీద లారీ టర్బో పోయిన రోజే డ్రైవరు మంచమెక్కాడు. పొగ కక్కుతున్న బండిని ఎలాగో ఇంటిదాకా తెచ్చి, పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టి, లోపలికొచ్చి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. మాట కూడా పడిపోయింది. మిగిలిందల్లా ఊపిరి. అదీ సన్నగా, ఈల వేసినట్టు. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఎన్నాళ్లుంటాడో చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు. భార్య ఆ ఈల వింటూనే వంట చేసేది, వింటూనే కునుకు తీసేది. అది ఆగకుండా ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది.

షెడ్డుకీ మంచానికీ మధ్య ఒక్కటే గోడ. దానికో కిటికీ.

లారీని బాగుచేసి ఇకమీదట తానే నడుపుతానంటూ ఆమె తమ్ముడు పానాల పెట్టెతో దిగాడు. మెకానిక్కు. చేతులకంటే నోరు ఎక్కువ ఆడుతుంది.

"ఏం బావా, నువ్వూ లారీ కూడబలుక్కుని పడుకున్నారా?" అని కిటికీలోంచి పలకరించి బానెట్టు ఎత్తాడు.

ముందు ఎయిర్ ఫిల్టరు లాగాడు. దుమ్ము పట్టి అట్టలా బిగుసుకుపోయింది. అది ఊడి రాగానే గోడ అవతల ఈల ఆగి, పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆమె పరుగెత్తింది. భర్త గుండెల నిండా గాలి పీలుస్తున్నాడు.

"నువ్వు ఫిల్టరు తీశావు, ఆయనకి ఊపిరాడిందిరా."

"అయితే రేపట్నుంచి డాక్టరని బోర్డు పెట్టుకుంటాలే అక్కా. మందులు పోసేది నువ్వు, పేరు నాకా?"

ఆమె కూడా నవ్వేసింది. కానీ అప్పట్నుంచి చూపంతా ఆ కిటికీ మీదే పెట్టింది.

మర్నాడు ఇంజనులోకి గాలి ఊదే టర్బో విప్పి బల్ల మీద పెట్టాడు. గోడ అవతల చప్పుడు పూర్తిగా పోయింది. ముక్కు దగ్గర వేలు పెడితేగానీ మనిషి ఉన్నట్టు తెలియడం లేదు.

"చూడు, షాఫ్టు ఎలా ఊగుతోందో. ఇలా ఊగితే సీలు నిలుస్తుందా? ఆయిలంతా గాలి గొట్టాల్లోకి కక్కేసింది" అంటూ తమ్ముడు బేరింగులూ సీళ్లూ కొత్తవి వేశాడు. అంచులరిగిన రెక్కల చక్రం తీసి, కొత్తది బిగించి, వేలితో ఒకసారి తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

చక్రం నెమ్మదించి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. కరెంటు లేదు. పక్కనున్న నూలు గుడ్డ పోగైనా అల్లాడడం లేదు. ఆమె కిటికీలోంచి చూసింది. భర్త ఛాతీ లేస్తే చక్రం తిరుగుతోంది, పడితే ఆగుతోంది.

తమ్ముడు వచ్చాక వేలు పెట్టి చూపించింది.

"దానికి కాస్త గాలి తగిలితే చాలక్కా."

"గాలేదిరా ఇక్కడ?"

అతను కాసేపు చూసి, గుడ్డ తీసి చక్రం మీద కప్పాడు. లోపల ఒక్కసారిగా దగ్గు తెర ముంచుకొచ్చింది. గుక్క తిరగని దగ్గు. తమ్ముడే గబుక్కున గుడ్డ లాగేశాడు. దగ్గు ఆగింది.

ఇక పనిలో కంగారు మొదలైంది. పగిలిన రబ్బరు గొట్టాలు మార్చాడు, కొత్త గ్యాస్కెట్లు వేశాడు, టర్బో తిరిగి ఎక్కించి క్లాంపులు బిగించాడు.

"ఆ ముందున్నది, గాలి చల్లార్చే ఇంటర్‌కూలరు, విప్పి కడగవా? ఆయిలు కక్కిందన్నావుగా?"

"గాలి కొట్టాన్లే. ముందీ బండి నా కళ్లముందునుంచి కదలాలక్కా."

సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. సన్నని ఈల లేచింది. గోడ అవతలా లేచింది. ఆమె కిటికీకి అతుక్కుపోయింది. భర్త కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

ఇంతలో ఇంజను హోరు పెరిగింది. తమ్ముడి కాలు ఎక్సలేటరు మీద లేదు. తాళం తిప్పాడు, ఊడబెరికాడు. ఆగలేదు. నీలం పొగ షెడ్డంతా కమ్మేసింది.

"ఇంటర్‌కూలర్లో మిగిలిపోయిన ఆయిలు తాగుతోంది! డీజిలు ఆపినా ఇక ఆగదు!" కిందికి దూకి చెక్క పలక అందుకున్నాడు. "గాలి మూసేస్తా, ఊపిరాడక అదే చస్తుంది!"

"మూయకురా!" ఆమె గాలి గొట్టానికి అడ్డం నిలబడింది.

"తప్పుకో అక్కా! పేలిపోతుంది!"

కిటికీలో భర్త ఛాతీ పక్షి గుండెలా కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. మూస్తే పోతాడు. వదిలేసినా పోతాడు.

ఆమె క్యాబిన్లోకి ఎక్కింది. పెళ్లైన కొత్తలో భర్త పక్కన కూర్చుని వెళ్లేటప్పుడు, స్టాపు వైరు తెగితే అతను ఇంజను ఎలా ఆపేవాడో చూసేది. చూడడమే తప్ప ఎన్నడూ చేసి ఎరగదు. కుడికాలితో బ్రేకు బలమంతా పెట్టి తొక్కింది. క్లచ్చు నొక్కి, పై గేరులోకి తోసి, క్లచ్చు వదిలింది. లారీ తాడు తెంపుకోబోయే ఎద్దులా విదిలించుకుంది. రేకులు దడదడలాడాయి. చక్రాలు కదలనివ్వకపోయేసరికి హోరు దిగింది, ఇంకా దిగింది, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

కిటికీ వైపు చూసే ధైర్యం ఆమెకు లేదు.

"నువ్వు చూడరా."

తమ్ముడు పలక చేతిలోనే ఉంచుకుని వెళ్లాడు. చూస్తూ నిలబడిపోయాడు. అప్పుడు లోపలినుంచి గొంతు వినిపించింది. వాడక బిగుసుకుపోయిన తలుపు తెరిచినట్టుంది.

"నన్నలా కుదిపేశావేంటే? క్లచ్చు మెల్లిగా వదలాలి."

"బావా!" పలక పారేసి తమ్ముడు లోపలికి పరుగెత్తాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

ఆమె దిగాలనుకుని ఆగింది. ఎదురుగా ఇంజను ఆయిలు ప్రెషరు చూపే ముల్లు కదులుతోంది. తాళం తమ్ముడి దగ్గరుంది. ఇంజను చచ్చి ఉంది. ముల్లు కాస్త లేచి, పడి, మళ్లీ లేస్తోంది. తొందర లేకుండా, నిద్రలో ఉన్న మనిషి ఛాతీలా.

"దిగక్కా, బావ నిన్నే రమ్మంటున్నాడు!"

"వస్తాలే" అంది. తర్వాత మెల్లిగా, "నువ్వు నడుపుకోడానికి వేరే బండి చూసుకోరా" అంది.

చూపు ముల్లు మీంచి మరల్చలేదు. కాలు బ్రేకు మీంచి తీయలేదు.