కాగితం రెండో వైపు

"ఏందే ప్రేమలా, మీ నాయిన కాయితాలు సూడనీకి పట్నం పోతున్నవట? జడ గట్టిగ అల్లుకో. ఆ కట్ట విప్పితే గుర్రాల గాలికి ఊడిపోతది!"

మా అన్న కూతురు మూతి ముడిచింది. మీ నాయిన కథలు అందులో చదువుదామనుకుంటే చదవలేవు పిల్లా అన్నాను. ఎందుకని అడిగింది. ఇక చెప్పక తప్పలేదు.

మా అన్న రాజేశ్వర్ బాన్సువాడ కాలువ కచేరీలో గుమాస్తా. ఎవరో దొర వదిలేసిన ఇంగ్లీషు పుస్తకాలు చదివి, అమెరికా పడమటి సీమ కథలు తెలుగులో రాసేవాడు. తుపాకులు, ఆవుల మందలు, దుమ్ము రేపే గుర్రాలు. తాను మాత్రం బిచ్కుంద అంగడికైనా ఎడ్లబండి మీదే పోయేవాడు. కథలు పత్రికల్లో అచ్చయ్యేవి. కాగితానికి ఒక వైపే రాసేవాడు. చిత్తు ప్రతులు పొయ్యి రాజెయ్యడానికి వంటింట్లోకి వచ్చేవి. యుద్ధం రోజులు, తెల్ల కాగితం మరెక్కడా దొరకదు.

ఒకనాడు కట్టెల మీద అలాంటి కాగితం కనబడింది. తిప్పి చూస్తే ప్రేమల తల్లి, మా జమున వదిన రాత. ఆయన తమ్ముణ్ణే అయినా నాది నాలుగో తరగతి చదువు. కూడబలుక్కుని చదివాను.

వదిన రాసుకున్నది ఇదీ: అన్న కథలో గుర్రపు మనిషి పది రోజులు గడ్డిలో పోతూనే ఉన్నాడట. మరి అతని రొట్టెలు ఎవరు చేశారు? అంగీ ఎవరు ఉతికారు? జొన్నలు విసురుతూ వదిన ఇదే ఆలోచించేది. ఇసుర్రాయి తిరిగే కొద్దీ ఎదురుగోడ పలచబడిపోయేది. గోడకవతల ఆకాశం దాకా గడ్డి, గాలికి అటు పడుకుని ఇటు లేచే గడ్డి. దాని నడుమ ఒక చెక్క ఇల్లు, గడపలో చేతులకు పిండితో ఒక ఆడమనిషి. ఆమె ఎవరి కథలోనూ లేదు. వదిన ఆమెను పిలవబోయేసరికి "జమునా, చాయ్!" అని అన్న గొంతు. "ఇంట్ల కూసునేదానివి, ఏం పని ఉన్నదని అలిసిపోతవ్?" ఆ వెనకే మా అమ్మ. "రాసుడేంది, రాసుడు? దీపం చిమ్నీ తుడిచినవా?" గడ్డి మళ్లీ గోడైపోయేది. కాగితం చివర ఇలా ఉంది: "ఆమె గడపలనే నిలబడ్డది. నాకు తీరిక దొరికితేనే ఆమె అడుగు బయట పెడ్తది."

నాకు చెయ్యి దురద పుట్టింది. కింద ఎడమ చేత్తో రాశాను: "అక్కా, దూపైతుంది. నీళ్లియ్యి. ఇట్లు, గుర్రపు మనిషి."

మర్నాడు అక్కడే జవాబు. "నీళ్లు లేవు. బాయి దూరం. తెల్లారేసరికి నాలుగు బిందెలు తెచ్చి తొట్టిల పొయ్యి, నీకూ ఇస్త."

నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాను. పిచ్చి వదిన, నమ్మేసింది! ఆట చెడకూడదని ఎవరూ లేవకముందే నీళ్లు మోశాను. తర్వాత కట్టెలు కొట్టమంది, కొట్టాను. జొన్నలు విసరమంది. మీసాలున్న మనిషిని, తలుపేసుకుని విసిరాను. రెండేళ్లు! "జమునకు ఈ మధ్య పనిల చురుకొచ్చింది" అని అన్న మురిసిపోయాడు. వదిన పొయ్యిలో వెయ్యకుండా దాచుకున్న కాగితాలు పెరిగాయి. చెక్క ఇంటి ఆడమనిషి గడప దాటింది, గుర్రమెక్కింది, ఏరు దాటి పేరు లేని ఊళ్లకు పోయింది.

జ్వరమొచ్చి అన్న పోయాడు. మరుసటేడు పట్నం నుంచి ఒక గ్రంథాలయం వాళ్ల ఉత్తరం. రచయిత కాగితాలు దాచిపెడతాం, ఒక్కొక్కటీ మందపాటి అట్టకు అంటించి పంపమన్నారు. వదిన మైదా ఉడికించి అంటించడానికి లై చేసింది. నేను సాయం కూర్చున్నాను. చూస్తే, లై అన్న రాసిన వైపు పూస్తోంది!

"వదినె, అన్న రాత లోపటికి పోతుంది!"

"పోనీ ముత్తెన్నా. అవన్నీ అచ్చయినయ్. ఇవి ఇంకెక్కడ ఉన్నయ్?"

"పట్నపోళ్లు ఊకుంటరా?"

"కాయితాలు అడిగిండ్రు. ఏ పక్కనో అడగలే."

ఆమె మరో కాగితానికి లై పూసింది. నాకే గుండెలో ముల్లు గుచ్చుకుంది. అమాయకురాలిని రెండేళ్లు మోసం చేశాను, ఇప్పుడా మోసం అట్టకెక్కి లోకమంతా చదువుతుంది.

"వదినె, నీకొక మాట చెప్పాలె. ఆ గుర్రపు మనిషి..."

"ముందు గిది పట్టుకో, తడిగున్నది" అని ఒక కాగితం నా చేతిలో పెట్టింది. నేనెన్నడూ చూడనిది. కూడబలుక్కున్నాను.

"ఇయ్యాల నాలుగు బిందెలు నిండినయ్. ఎడమ చేత్తోని రాసినా మా మరిది రాత నాకెరుక. నవ్వొస్తుంది, నవ్వొద్దు. నేను నవ్వితే గుర్రపు మనిషి రేపు రాడు."