ఒక పూట యజమానురాలు

డాక్టరమ్మ లైసెన్సు గడువు ఆదివారంతో తీరిపోయింది. తప్పు ఆమెది కాదు, నూటికి నూరుపాళ్లు అత్తగారిది. ఆ మహాతల్లి పశువైద్యుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ కంట పడకుండా ఇంట్లోంచి ఏ దరఖాస్తూ గడప దాటదు. కోడలి దరఖాస్తును రెండుసార్లు తిప్పికొట్టింది, మొదటిసారి ఫొటోలో చెవులు కనబడలేదని, రెండోసారి సంతకం గీత దాటిందని. మూడోసారి పంపేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. కొత్త కార్డు గురువారానికి గానీ రాదు. ఈలోగా పరాయి పశువు మీద చెయ్యి వేస్తే నేరం. ఎవరైనా ఆఫీసుకు రాశారంటే ఇక ఆ లైసెన్సు సంగతి మరిచిపోవడమే.

సరిగ్గా సోమవారం పొద్దున్నే పాలాయన చిన్న లారీలో ఆవును ఎక్కించుకుని వచ్చాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని ఫిర్యాదులాయన అంటారు. వీధి దీపం వెలగకపోయినా ఫిర్యాదే, మరీ వెలిగినా ఫిర్యాదే. నిరుడు డాక్టరమ్మ మీద కూడా రాశాడు, సూది వేసేటప్పుడు తన ఆవుతో మర్యాదగా మాట్లాడలేదని.

"తెల్లారినప్పటి నుంచీ నొప్పులమ్మా! దూడది ఒక్క కాలే బయటికొచ్చి ఆగిపోయింది. తొందరగా చూడండమ్మా!"

డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. లేకపోతే అవి వాటంతటవే ఆవు దగ్గరికి పోయేట్టున్నాయి. "నా కార్డు గడువు అయిపోయిందండీ. పక్క ఊరి డాక్టరుకి ఫోన్ చేస్తాను. ఆయన రావడానికి మూడు గంటలు పడుతుంది."

ఆవు మూలిగింది. మూడు గంటలు కాదు గదా, గంట కూడా ఆగేలా లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఊరుకుంటే ఆవు పోతుంది. చెయ్యి వేస్తే తన బతుకుతెరువు పోతుంది, అందులోనూ ఈ మనిషి ఎదుట. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అంతలో అత్తగారు నిబంధనల పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఎవరి పశువుకి వాళ్లు వైద్యం చేసుకోడానికి లైసెన్సు అక్కర్లేదు. పద్నాలుగో నిబంధన" అంది. "ఏమయ్యా, ఆవుని మా కోడలికి ఇచ్చెయ్యి."

"ఇచ్చెయ్యడమేంటమ్మా?"

"ఇచ్చెయ్యడమంటే ఇచ్చెయ్యడమే. కాగితం మీద, సంతకం పెట్టి. మళ్లీ నీకిస్తుందా లేదా అన్నది ఆవిడ ఇష్టం. వెనక్కివ్వాలని షరతు రాశావో, ఆ కాగితం చెల్లదు."

ఫిర్యాదులాయన ఆవిడ వంక అనుమానంగా చూశాడు. సొంత నీడని కూడా ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషి ఆయన. ఆవు వంక చూశాడు. కాగితం అందుకున్నాడు. రాయడం మొదలుపెట్టినవాడు ఇక ఆపడే! రెండు ముక్కలకి ఇంతసేపా? ఏ ఫిర్యాదుకి పునాది వేస్తున్నాడోనని డాక్టరమ్మకి అనుమానమొచ్చింది. అత్తగారు కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, "చెల్లుతుంది. ఇక నీ ఆవుని నువ్వు చూసుకో" అంది.

డాక్టరమ్మ ఆవుని పెరటి పాకలోకి దింపించి, మోచేతి పైదాకా సబ్బు రుద్దుకుని లోపల చెయ్యి పెట్టింది. రెండో కాలు మడతపడి ఉంది, తల పక్కకి తిరిగి ఉంది. నొప్పి నొప్పికీ మధ్య దూడని మెల్లగా వెనక్కి నెట్టి, గిట్ట గీసుకోకుండా అరచేతిలో పొదివి పట్టుకుని, కాలు సరిచేసింది. ఇన్నేళ్లలో వందల దూడలకి పురుడు పోసింది గానీ, సొంత ఆవు ఇదే మొదటిది. భయమేసింది. పశువుల పక్కన నిలబడే వాళ్లందరికీ ఇలాగే ఉంటుందా అనిపించి, ఇన్నాళ్లూ వాళ్లని కసురుకున్నందుకు సిగ్గేసింది. "నా తల్లివి కదూ, ఇంకొక్కసారి" అని ఆవుని బతిమాలింది. దూడ తల సరైన దారికి తిరిగింది. తాడు వేసి లాగితే, గోధుమరంగు పెయ్యదూడ జారి గడ్డి మీద పడి తుమ్మింది.

చేతులు కడుక్కుంటూ, "కాగితం కలం ఇవ్వండత్తయ్యా, ఆయన ఆవుని ఆయనకి రాసిచ్చేస్తాను" అంది.

"ఎలా రాయాలో ముందు దీన్ని చూసి నేర్చుకో" అంటూ అత్తగారు పాలాయన కాగితం చేతికిచ్చింది.

'ఈ ఆవు ఈ క్షణం నుంచి డాక్టరమ్మది. నాకు దీని మీద ఏ హక్కూ లేదు. దీనికేమైనా జరిగితే ఆవు పోగొట్టుకున్నది ఆమె. కనక ఫిర్యాదు చేసే హక్కు కూడా నాకు లేదు. పరామర్శకి మాత్రం వస్తాను.'

డాక్టరమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన కోసం చూస్తే పాక గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు, మునివేళ్ల మీద లేచి, మెడ సాచి.

"అక్కడే ఉన్నారేంటండీ? లోపలికొచ్చి దూడని చూసుకోండి."

"వేరేవాళ్ల ఆవు కదమ్మా" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ. "మీరు పిలవకుండా ఎలా వస్తాను?"