మిడత కాలు, సగం మాత్ర

మా చెల్లెలికి మిడతలు పడవు. ఆ సంగతి మిడతలకు తప్ప అందరికీ తెలుసు. అది పనిచేసేది మాత్రం మిడతల మీదే.

మా ఆయన పోయినప్పటి నుంచి నేను దాని దగ్గరే ఉంటున్నాను కాబట్టి ఈ గోలంతా నా కళ్ళముందే. పొద్దున చక్కగా తల దువ్వుకుని ల్యాబుకు వెళుతుంది. సాయంత్రానికి మెడనిండా దద్దుర్లు, ఎర్రబడ్డ ముక్కు వేసుకుని వస్తుంది. "ఆ మిడతల్ని వదిలెయ్యవే తల్లీ, చీమల మీద చేసే పనేదైనా చూసుకో" అంటే, "చీమ కాలికి దారం ఎలా కట్టనక్కా?" అంటుంది. పొగరు.

దాని పని ఇదీ. మిడత వెనక కాలిలోంచి సన్నని కండను, దాన్ని అంటుకున్న నరంతో సహా తీస్తుంది. ఉప్పునీళ్ళున్న చిన్న గాజు గిన్నెలో పెట్టి, కండ చివర దారం కట్టి, ఆ దారాన్ని యంత్రానికి తగిలిస్తుంది. కండ బిగుసుకుంటే తెర మీద గీత పైకి లేస్తుంది. మిడత గెంతాలంటే నరం కండకు కబురు పంపాలట. ఆ కబురు మోసేది గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం. అది 'బిగుసుకో' అంటుంది. గాబా అనే ఇంకొకటి 'ఇక చాల్లే, వదులు' అంటుంది. తుమ్ములకూ దద్దుర్లకూ మనం మింగే అలర్జీ మాత్రలోని మందు, తన పనేదో తాను చూసుకోకుండా ఈ కబుర్లలో కూడా వేలు పెడుతుందా అన్నది తేల్చాలి. ముందు మందు లేకుండా గ్లుటమేట్ చుక్క వేసి గీత చూస్తుంది. తర్వాత మందు కలిపి మళ్ళీ చూస్తుంది.

తేలితే ఈ కథే లేదు. ఒకరోజు మందు కలిపితే గీత సగానికి పడిపోయేది. మర్నాడు మందు కలపకముందే కండ నీరసంగా ఉండేది, కలిపినా పెద్ద తేడా కనిపించేది కాదు. ల్యాబులో పెద్ద సారు విసిగిపోయి, "ఈ వారంలోగా రెండుసార్లు ఒకేలా చూపించకపోతే పని మొత్తం అతనికి అప్పజెప్తాను" అన్నాడు. అతనంటే దాని పక్క బల్ల మనిషి. ఎప్పుడు చూసినా ఒక కాలు గుమ్మం బయటే ఉంటుంది కనక ఇంట్లో తొందరయ్య అని పిలుచుకుంటాం.

"తుమ్ములన్నీ నావి, పేరు తొందరయ్యదా?" అని చెల్లెలు కన్నీళ్ళు పెట్టుకుంది.

దానికి తోడు నిద్ర. తుమ్ములకని వేసుకునే అలర్జీ మాత్ర మొత్తం వేసుకుంటే తూలిపోతుందని సగమే వేసుకుంటుంది. ఆ సగానికే శుక్రవారం మైక్రోస్కోపుకు నుదురు ఆనించి నిద్రపోయింది. లేచేసరికి కండ పాడైపోయింది. ఇక లాభం లేదని శనివారం నేనూ వెంట బయలుదేరాను.

"నువ్వెందుకక్కా?"

"గిల్లడానికి."

ల్యాబు గదిలో గోడ పొడుగునా గాజు పెట్టెలు, వాటిలో బల్బుల వెచ్చదనం, పచ్చగడ్డి వాసన. మిడతలు గెంతి గాజుకు టపటపా తగులుతున్నాయి. తొందరయ్య భుజాన సంచీ కూడా దించలేదు.

"ఏవండీ, మేడమ్‌కి కాపలాకొచ్చారా?"

"నీకే నాయనా. ఎక్కడ పారిపోతావోనని."

చెల్లెలు మొదటి కండ కట్టింది. చుక్క వేసింది. గీత కాస్త లేచి, బద్ధకంగా పడుకుంది. ఇంకా మందు కలపనే లేదు. పళ్ళు కొరుక్కుంటూ సంచీలోంచి మాత్ర తీసింది. పళ్ళెంలో ఉన్న చిన్న కత్తుల్లో ఇందాక కాలు కోసిందే అందుకుని, కుళాయి కింద కడిగి, మాత్రను రెండుగా కోసింది. సగం నోటి దాకా తీసుకెళ్ళింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాని చేతి మీద ఒక్కటి వేశాను. మాత్ర ఎగిరి బల్ల కింద పడింది.

"ఛీ ఛీ! పురుగు కాలు కోసిన కత్తితోనా? ఆ పురుగు పడకే కదటే చస్తున్నావు, మళ్ళీ దాని రసం అద్దుకుని మింగుతావా?"

"కడిగానుగా అక్కా! మాత్ర కోసే ముందు రోజూ కడుగుతాను. నాకా మాత్రం శుభ్రం తెలీదా? కోశాక కడగను గానీ, మాత్రేగా, మురికేముంది..."

మాట తెంచేసి, కత్తి అంచును దీపం కిందికి తెచ్చి చూసింది. తెల్లటి పొడి.

"అక్కా, ఇదీ అదే మందు."

పళ్ళెంలోని కత్తుల్లో మాత్ర కోసిందే కాలికీ చేతికొచ్చిన రోజున ఆ పొడి కాస్తా గిన్నెలోకి చేరుతోంది. ఇవాళ మొదటి కండకు తగిలింది నిన్నటి పొడి. మందు లేదనుకుని చూసే గీతకు ముందే మందు పడిపోతోంది.

"అంటే ఇన్నాళ్ళూ నీతోపాటు మిడతలకూ అలర్జీ తగ్గిస్తున్నావన్నమాట!" అన్నాను. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

కొత్త కత్తి తీసింది. గిన్నె మార్చింది. మాత్రలన్నీ నా సంచీలో పడేసింది. అయితే మాత్ర లేకపోతే తుమ్ములు ఊరుకుంటాయా? కండ దగ్గరికి కత్తి రాగానే ఒక తుమ్ము. నరం తెగింది. ఇంకో కాలు, ఇంకో తుమ్ము. కళ్ళలో ధారగా నీళ్ళు.

"పోనీ ఆ మాత్ర బయటికెళ్ళి పళ్ళతో కొరుక్కుని రావే!"

"అది పనిచేసేలోపు నిద్రొస్తుందక్కా! ఏం చెయ్యమంటావు నన్ను?"

తొందరయ్య అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. చెల్లెలు అతని వైపు చూసి, తల తిప్పుకుని, మళ్ళీ చూసింది. తన పని లాక్కుపోతాడని భయపడ్డ మనిషినే పిలవాలి.

"కాలు కాస్త నువ్వు కోస్తావా?" అంది చివరికి.

అతను సంచీ దించాడు. చక్కగా కోశాడు, కాదనకూడదు. చెల్లెలు దూరంగా తెర ముందు కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చెబుతూ ఉంటే చుక్కలు వేశాడు. గీత నిటారుగా లేచింది. మందు కలిపాక సగమే లేచింది. మంచి ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పైకి వచ్చింది. రెండో కండా అచ్చం అలాగే.

చెల్లెలు ఫోన్ తీసి పెద్ద సారుకు చేసింది. కత్తి సంగతి దాచకుండా చెప్పి, పాత లెక్కలన్నీ పారెయ్యాలంది. అవతల నుంచి వచ్చిన కేక గది అంతా వినిపించింది. తర్వాత చాలాసేపు ఏదో చెప్పాడు.

"పని నాదేనట" అంది ఫోన్ పెట్టేసి. "కానీ నేనిక మిడతల్ని ముట్టుకోకూడదట. కోయడం ఇతనూ, చూడడం నేనూ. పేర్లు రెండూ వేస్తారట."

"నా పేరు వెనకున్నా ఫరవాలేదు మేడమ్. సాయంత్రం ఐదింటికి మాత్రం నన్ను వదిలెయ్యాలి."

"ఐదింటికి కండ ఇంకా బాగానే ఉంటుంది. దాన్నొదిలేసి నువ్వెలా వెళ్తావు?"

"కండకు ఇల్లు లేదు మేడమ్, నాకుంది!"

"ఆ మాట ముందే చెబితే..." అంటూ తుమ్మింది.

ఇద్దరూ గొంతులు పెంచారు. ఇది ఇప్పట్లో తెమిలేలా లేదని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.