వెనక లైను

కాఫీ మరుగుతుండగానే రేనో సాల్మెలా బల్ల కిందికి దూరాడు. అరవైకి దగ్గరపడ్డ భారీ మనిషి. మోకాళ్లు చెప్పిన మాట వినవు. ఒక చేత్తో బల్ల కాలు పట్టుకుని, రెండో చేత్తో, కంప్యూటరును ఫోను లైనుకు కలిపే మోడెం తీగను గోడలో గుచ్చి, ఆయాసపడుతూ బయటికొచ్చాడు.

కెనడాలోని థండర్ బే ఊరికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఆ కలప డిపోలో అతనిది సరుకు లెక్కల పని. ఎన్నేళ్లుగానో అదే కుర్చీ. ఆఫీసు మొత్తానికీ ఈమెయిలు పెట్టాలి, ఎవరికైనా వచ్చా అని యజమాని స్ట్యువర్ట్ అడిగిన రోజున, ఏ దయ్యం పట్టిందో గానీ, చెయ్యెత్తేశాడు. తెలియదని ఒప్పుకోవడం అతని ఒంట్లో లేదు. భార్య పెట్టె సర్దుకుని వెళ్లిపోతున్నప్పుడు కూడా ఎందుకని అడగలేదు, అంతా అర్థమైనట్టే నిలబడ్డాడు మహానుభావుడు!

ఆఫీసుకు రెండు ఫోను లైన్లు. ముందుది కొనేవాళ్ల కోసం, దానికి ఊపిరాడదు. వెనకది కాఫీ గది గోడకున్న ఫోను. ఆ నంబరు ఇంట్లోవాళ్లకే ఇస్తారు. మోగిందంటే ఎవరింట్లోనో ఏదో అయిందని అందరూ తలెత్తుతారు. దాన్ని వ్యాపారానికి వాడకూడదన్నది ఆ డిపోలో పాత కట్టుబాటు. ఎప్పుడూ ఖాళీయే కదా అని రేనో మోడెం తగిలించింది సరిగ్గా దానికే.

బిల్లులు రాసే హిల్కా ప్రాణమంతా ఇప్పుడు ఆ ఫోను మీదే ఉంది. వాళ్ల నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. రాత్రంతా ఆయన పక్కన కూర్చుని, పొద్దున్నే పనికొస్తోంది పాపం. ఏమాత్రం తేడా కనిపించినా కబురు చేస్తాం, వెంటనే బయల్దేరండి అన్నారట నర్సులు.

"నీ మిషను ఆ లైను పట్టుకుని కూచోదు కదా, రేనో?"

"ఒక్క నిమిషం. ఈమెయిలు ఉత్తరాలు తెచ్చుకుని లైను పెట్టేస్తుంది. నే చూసుకుంటాగా."

నిజానికి ఆ పెట్టెయ్యడమే అతనికి సరిగా అంతుపట్టలేదు. మిషను రెండు అంకెలు అడిగింది. ఎన్ని నిమిషాలకోసారి ఉత్తరాల కోసం చూడాలి? ఎన్ని నిమిషాలు ఊరికే ఉంటే లైను వదిలెయ్యాలి? మొదటిదానికి ఐదు, రెండోదానికి పది ఇచ్చాడు. అమ్మినవాళ్లను అడగొచ్చు. అడిగితే తెలియదని తెలిసిపోదూ! మోడెం కీచుమంటుంటే, పిల్లిని తొక్కావా అని స్ట్యువర్ట్ వేళాకోళమాడాడు. దాంతో రేనో దాని చప్పుడు వినిపించకుండా నోరు కూడా నొక్కేశాడు.

కాసేపటికి ఉత్తరాలు రానే వచ్చాయి. రంపపుమిల్లు నుంచి వచ్చిన జవాబును స్ట్యువర్ట్ అందర్నీ పిలిచి మరీ చదివాడు. "ఏమో అనుకున్నాను గానీ, గట్టివాడివేనయ్యా," అని వీపు తట్టాడు. రేనో చెవులు ఎర్రబడ్డాయి. కాఫీతో పెట్టిన యాలకుల రొట్టె ఇంకో ముక్క తిన్నాడు. హిల్కా కూడా వచ్చి బాగుందంది. ఫోను వైపు చూసి, ఈ పూట మోగలేదు, నాన్న హాయిగా నిద్రపోతున్నట్టున్నాడు అని నవ్వింది.

మధ్యాహ్నం, తన ఘనకార్యం చెల్లెలికి చెప్పుకుందామని రేనో గోడ ఫోను ఎత్తాడు. చెవిలో కీచుమంది.

అప్పుడర్థమైంది. పది నిమిషాలు ఊరికే ఉంటే కదా అది లైను వదిలేది! ఐదు నిమిషాలకోసారి ఉత్తరాలున్నాయా అని అడుగుతూనే ఉంది. పొద్దున తగిలించినప్పటి నుంచీ లైను ఒక్కసారైనా వదల్లేదు. ఫోను పెట్టేసి, పరుగెత్తి తీగ పీకేశాడు. ఊపిరి తీసుకునేలోపే ఫోను మోగింది. వెళ్లి ఎత్తితే, ఆసుపత్రి నర్సు హిల్కా కోసం అడిగింది.

హిల్కా గోడకానుకుని విన్నది. "నన్నడిగాడా?" అని ఒక్కసారి అంది. ఫోను పెట్టేసి వాళ్లవైపు తిరిగింది.

"పోయాడు. పొద్దున్నుంచీ ఫోను చేస్తున్నారట. లైను దొరకలేదట."

ఈ మంచుకి తీగలు తెగుతుంటాయమ్మా, ఎవరేం చేస్తారు అన్నాడు స్ట్యువర్ట్, కారు తాళాలు వెతుకుతూ. రేనో నోరు తెరిచాడు. నేనే, నా మిషనే అన్న మాట నాలుక మీదికొచ్చేసింది.

హిల్కా అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఆ ఫోను దగ్గర ఉండబట్టి సరిపోయింది, రేనో. లేకపోతే ఇప్పటికీ తెలిసేది కాదు."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మాట బయటికి రాలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు, అనుకుంటూనే ఆమెకు కోటు అందించాడు. స్ట్యువర్ట్ కారులో ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్లాక, ఆమె బల్ల మీది దీపం ఆర్పుదామని వంగాడు. కుర్చీ కింద, ఆఫీసులో తొడుక్కునే ఆమె మెత్తటి చెప్పులు మడమల దగ్గర అణిగిపోయి ఉన్నాయి. తొందరలో విడిచినట్టుంది, ఒకటి బోర్లా పడి ఉంది.