కౌజు పిలిస్తే పలకని గుట్ట

ఇంట్లో ఇంతమంది మనుషులుండగా ఒక పిట్టకు జరిగే మర్యాదలు చూస్తే సుక్కమ్మకు ఒళ్ళు మండేది. మామ మల్లప్ప పుట్ట తవ్వి చెదలు తెచ్చి, తన పెంపుడు కౌజుకు కూర్చుని మరీ తినిపించేవాడు. కోడలు తిన్నదా అని మాత్రం ఆమె ఇద్దరు పిల్లల తల్లయ్యేదాకా అడిగిన పాపాన పోలేదు.

అయితే అది ఊరికే తినే పిట్ట కాదు. అచ్చంపేట దగ్గరి ఆ ఊళ్ళో, తెల్లవారగానే మల్లప్ప దాని బుట్టను గుట్ట మీద పెట్టి చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. అది కూసిందంటే, తమ జాగాలో ఎవడు వీడని అడవి కౌజులు కొట్లాటకు ఉరికొచ్చి ఉచ్చుల్లో పడేవి. సాయంత్రానికి కూర. వండేది సుక్కమ్మే, లొట్టలేసేదీ సుక్కమ్మే. అందులో దాపరికం లేదు.

పందొమ్మిది వందల అరవై నాలుగు ఎండాకాలంలో ఉచ్చులు ఖాళీగా రావడం మొదలైంది. పిట్ట గొంతు చెడిందని తేల్చాడు మల్లప్ప. మిరియాలు నూరి పెట్టాడు. దిష్టి తీయించాడు. చివరికి విసుగొచ్చి, ఆదివారం దాన్నే కోసి వండమన్నాడు.

సుక్కమ్మకు జాలికన్నా ముందు అనుమానం పుట్టింది. పెరట్లో చెవులు చిల్లులు పడేట్టు కూసే పిట్టకు గుట్ట మీద గొంతెట్లా పోతుంది? ఇంతకీ అది పిలిచేది ఎవరిని?

శనివారం పొద్దున బుట్ట చంకనెత్తుకుంది. "వాగు అవతలికి పోదాం పా మామా. ఆడ గూడ ఎవ్వరు పలుకకుంటే నేనే కోస్త," అంది.

వాగు అవతలిది వేట బందు చేసిన సర్కారు అడవి. మల్లప్ప గొణుగుతూనే ఉచ్చుల సంచి భుజాన వేసుకుని వెంట నడిచాడు. పిట్ట గొంతు పరీక్షకు వచ్చామన్న వాళ్ళ మాట విని అడవి కావలి లతీఫ్ నవ్వి, ఉచ్చుల సంచి మాత్రం తీసుకుని దాని మీదే బైఠాయించాడు.

బుట్ట కింద పెట్టగానే కౌజు మెడ సాచి కూసింది. పొదలోంచి ఒకటి బదులిచ్చింది. బండ వెనకనుంచి ఇంకొకటి. కాసేపటికి అడవంతా పంచాయితీ లేచింది. ఒక పుంజు ఏకంగా బుట్ట దాకా వచ్చి రెక్కలు కొట్టింది. మల్లప్ప చెయ్యి అలవాటు కొద్దీ సంచి కోసం తడుముకుని ఉత్తదే తిరిగొచ్చింది.

"గొంతు మంచిగనే ఉన్నట్టుంది," అంది సుక్కమ్మ, నవ్వు కొంగులో దాచుకుని.

పట్టే పని లేకుండా ఆ కూతలు వినడం మల్లప్పకు అదే మొదలు. బుట్ట పక్కన చతికిలబడి విన్నాడు.

"మన గుట్ట మీద పలికెటందుకు ఎవరు మిగిలిన్రు బిడ్డా? అన్నిట్ని నేనే పట్టుకొస్తి," అన్నాడు. తర్వాత గొంతు పెంచి, లతీఫ్‌కు కూడా వినబడేటట్టు, "పిట్ట మీద నింద ఏసిన. తప్పు నాది."