పేషంట్ కుర్చీ

మగ్దలేనమ్మ పదహారు కుర్చీలు గుండ్రంగా వేసి, పదిహేడోదాన్ని మధ్యలో పెట్టి రెండుసార్లు తుడిచింది. అది పేషంటుది. అందులో ఎవరూ కూర్చోరు. పేషంటు ఎదురుగా ఉన్నాడనుకునే మాట్లాడాలని వినీల మేడమ్ నియమం. డాక్టరు, నర్సు, ఫార్మసీ చదివే పిల్లల్ని ఒకచోట చేర్చి నీతి నేర్పే గురువారం క్లాసు అది. పదకొండేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్న మగ్దలేనమ్మకి అందులో తెలిసింది కుర్చీలు వేయడమే. మోకాళ్లు అరిగాయి, ఫినాయిల్‌కి వేళ్ల తోలు ఊడింది. ఆయమ్మ అనే తప్ప ఆమె పేరేంటో అక్కడెవరికీ తెలియదు.

ఆవేళ ఆమె టీ అందిస్తుంటే మేడమ్ కేసు చదివింది. పేరు చెప్పకూడదు గనుక చెప్పలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆగిరిపల్లి దగ్గర మామిడితోట కాపలా. కుడిచేతికి రెండు వేళ్లు లేవు. బంగినపల్లి కోతకి ఇంటికి పంపుతారా అని రోజూ అడుగుతున్నాడు.

అది పై మగవార్డులో ఉన్న మగ్దలేనమ్మ మొగుడు సవరయ్య.

లివరు క్యాన్సరు ముదిరిపోయింది, ఇక రోజులే అన్నాడు డాక్టరు చదివే కుర్రాడు. ఇచ్చేవి నొప్పి మాత్రలేనంది ఫార్మసీ అమ్మాయి. ఆయన అడిగినప్పుడల్లా డాక్టరుగారిని అడగమని తప్పించుకుంటున్నానని నర్సింగ్ పిల్ల కీర్తిప్రియ తల దించుకుంది. ఇంట్లోవాళ్లకి చెప్పారా అని మేడమ్ అడిగింది.

"అల్లుడికి చెప్పారండీ. పేషంటు భార్య తట్టుకోలేదు, చెప్పొద్దన్నాడంట," అంది కీర్తిప్రియ.

పచ్చకామెర్లే, తగ్గిపోతాయని నెల్లాళ్లుగా మొగుడికి మగ్దలేనమ్మే చెబుతోంది. నమ్మి చెప్పింది. ఆమె చేత అబద్ధమాడించారు.

ట్రే కింద పెట్టి మధ్య కుర్చీ పక్కన నిలబడింది.

"ఆయన పేరు సవరయ్యండీ. భార్యని నేనేనండీ."

భుజం మీది తడి తుడుపుగుడ్డ ఆ కుర్చీలో పడేసి ఆమె మగవార్డుకి మెట్లెక్కింది.

సవరయ్య రోజూ అడిగేదే అడిగాడు. కోతకి పంపుతారంటా?

"తగ్గే జబ్బు కాదంట మావా. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఎవరు చెబుతారా అని ఎదురు చూస్తున్నానన్నాడు సవరయ్య.

"అయితే ఇయ్యాలే ఎల్లిపోదాం. ఒక్కసారి కాయ చూస్తాను."

ఆమె ఆటో మాట్లాడింది. చేర్పించింది అల్లుడు గనుక డిశ్చార్జి కాగితం మీద అతనే సంతకం పెట్టాలన్నారు. ఆమెది చాలదట. అల్లుడు ఆనంద్ బాబు వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అప్పటికే సవరయ్య, ఆ మూడు వేళ్లూ ఆమె చేతిలో ఉండగానే, పోయాడు.

కింద హాల్లో కుర్చీలన్నీ ఎవరో గోడవారగా పేర్చారు. మధ్యలో ఒక్కటి మాత్రం అలాగే ఉంది, దాని మీద తడారిపోయిన తుడుపుగుడ్డ.