చూశాక మార్చిన జల్లెడ

ఆ ఉదయం మస్తాన్ వలి చేతిలో ఉన్నవి మూడు: యాడికి ఊళ్లో రేకుల గోడౌను, అందులో నూట పది బస్తాల వేరుశనగ, ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కూతురు నాజ్‌నీన్. మొదటి రెండింటి విలువ అతనికి తెలుసు. కూతురు మాత్రం మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

ఎక్కడో రెండు కృష్ణబిలాలు ఢీకొంటే లేచిన గురుత్వ తరంగం తనకు దొరికిందని ఆమె ప్రొఫెసరుకు రాసేసింది. మధ్యాహ్నం మూడింటికి పరిశోధన బృందం అందరి ముందూ వీడియోలో చెప్పాలి. తప్పని తేలితే ఆమె మాట ఇక ఎవరూ నమ్మరు.

"అది నిజమని ఎట్ల తెలుస్తాదిమ్మా?" గోడౌనులో లాప్‌టాప్ ముందు కూర్చున్న కూతుర్ని అడిగాడు.

"యాడో దూరదూరంగా రెండు యంత్రాలుండాయి నాయనా. రెండూ ఒకేసారి ఒక్కతీరు అదిరితే అల వచ్చినట్ల. ఊరికే గూడా అదురుతాంటాయి. అందుకే ఒకదాని రికార్డు కొన్ని సెకన్లు జరిపి రెండోదాని పక్కన పెడతాం. అప్పుడు కుదిరేవన్నీ ఉత్తుత్తి జతలే. ఐదువేల ఏండ్లకు సరిపడా జరిపి చూసినా ఇంత గట్టి జత ఒక్కటీ కుదర్లే."

"మరి యంత్రం మాదిరి నువ్వెందుకు అదురుతాండావు?"

ఆమె నవ్వలేదు. అతనికి అనుమానం తగిలింది. బస్తా విప్పకముందే ఏ జల్లెడ పట్టేదీ చెప్పాలన్నది అతని వ్యాపారంలో కట్టుబాటు. సరుకు చూశాక జల్లెడ మారిస్తే గింజలేని తాలుకాయ కూడా మేలురకమే అవుతుంది. ముప్పై ఏళ్లుగా రైతులను అడిగిన ప్రశ్నే, ఇప్పుడు కూతుర్ని అడగాల్సి వచ్చింది. ఊరుకుంటే మూడింటికి ఆమె గట్టెక్కవచ్చు. అయినా అడిగాడు.

"ఆ ఉత్తుత్తి అదుర్లు వడగట్టే జల్లెడ ముందే పెట్టుకున్యావా, అల కనపడినాంక మార్చినావా?"

లాప్‌టాప్ మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"మార్చినా. కొంచెమే."

"కొంచెమంటే?"

"అది మిగిలేంత."

ఎండకు పైరేకు టక్కుమంటే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె పాత జల్లెడే పెట్టి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. అది తేలేదాకా అతను ఒక్క బస్తా తూచలేదు. ఒంటిగంటన్నరకు అంకె వచ్చింది. అట్లాంటి జత తొమ్మిది రోజులకొకటి ఉత్తుత్తిగానే కుదురుతుంది.

"పాయ నాయనా."

"సారుకు నన్ను చెప్పమంటావా?"

"నువ్వు చెప్తే ఇంగా నగుతారు," అని తనే ఫోను చేసింది. "చూశాక వడపోత కట్ మార్చాను సార్."

అవతల నుంచి ఒకే మాట: "మూడింటికి రెండు లెక్కలూ నువ్వే చూపించు."

ఫోను పెట్టాక ఆమె రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంది. మస్తాన్ వలి మనసులోనే లెక్క తేల్చుకున్నాడు. అల పోయింది. రావలసిన పేరు పోయింది. భయం మూడింటిదాకా తప్పదు. మిగిలింది ఒక అంకె, ఎవరు మళ్లీ వేసి చూసినా అంతే వచ్చేది.